నూట పందొమ్మిది వరసలు, ఇంకొకటి

నేను ఒక పలకను. రాతి పలకను. రేకుది కాదు, ప్లాస్టిక్కుది కాదు, అట్టకు నల్ల రంగు పూసింది అసలే కాదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. ఈ కాలంలో పలక అని పిల్లల చేతిలో ఏది పడితే అది పెడుతున్నారు.

మాది మార్కాపురం దగ్గర కొండ. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి. నా మీద ఒక మనిషి రాసిన అక్షరాలు నెల రోజుల పాటు అరవై రెండు సెల్లుల్లో వెలిగాయి. కందుకూరులో చదివారు, కావలిలో చదివారు. దుబాయి ఆసుపత్రిలో నర్సు పని చేసే ఒకావిడ డ్యూటీ మధ్యలో చదివి, కాసేపు మెట్ల మీద కూర్చున్నానని రాసింది. నాతో పాటు ఒకే బండలోంచి చీలిన పలకలు వందల్లో ఉంటాయి. వాటిలో ఎన్నింటికి దక్కింది ఆ యోగం?

పుట్టుక దగ్గర్నుంచి చెబుతాను.

గనిలోంచి పైకి వచ్చినప్పుడు నేను విడిగా లేను. మంచమంత బండలో ఒక పొరగా ఉన్నాను. బండలో తడి ఆరకముందే చీల్చాలి. ఆరితే ముక్కలవుతుందే గాని పొరలుగా విడిపోదు. అందుకని కార్ఖానాలో ఎప్పుడూ తొందరే. అందరూ అరుచుకుంటూ, పాటలు పాడుకుంటూ, బీడీలు అడుక్కుంటూ పని చేసేవాళ్లు. నన్ను చీల్చినవాడు మాత్రం నోరు విప్పేవాడు కాదు. ఉలిని బండ అంచున ఆనించి, చెవి దగ్గరగా పెట్టి, సుత్తితో టిక్కు టిక్కుమని రెండు దెబ్బలు. అంతే. పుస్తకంలో కాగితం తిప్పినట్టు నన్ను విడదీశాడు. కుడి చేతి బొటనవేలికి గోరు లేదు. ఆ వేలు నా ఒంటి మీద పైనుంచి కిందికి ఒకసారి నడిచింది. అది నాకు తగిలిన మొదటి మనిషి చెయ్యి. అతని పేరు నూర్‌బాషా హుసేనయ్య. అప్పటికి ఇరవై నాలుగేళ్లవాడు.

హుసేనయ్య దగ్గర్నుంచి నేను బాలకోటయ్య ముందుకు వెళ్లాను. పలకలు ఏరి, మంచివీ చెడ్డవీ విడదీయడం బాలకోటయ్య ఉద్యోగం. పక్కన నీళ్ల డబ్బా పెట్టుకుని కూర్చునేవాడు. ఒక్కో పలకనూ ముందు ఎండకు ఎత్తి చూస్తాడు. తర్వాత అరచెయ్యి నీళ్లలో ముంచి పలకంతా ఒక్క రుద్దు రుద్దుతాడు. వెంట్రుకంత పగులు ఉన్నా తడికి నల్లగా బయటపడుతుంది. చివర వేలి కణుపులతో ఠంగుమని కొట్టి చెవి ఒగ్గుతాడు. రోజుకు వేల పలకలు. అన్నం తినేటప్పుడు కంచాన్ని కూడా అట్లాగే కొట్టి చూస్తాడని ఆడవాళ్లు నవ్వేవాళ్లు.

నన్నూ రుద్దాడు, కొట్టాడు. బాగానే మోగాను. కానీ నా ఎడమ మూలలో చింతపండు రంగు చార ఒకటుంది. అది చూసి, "సెకండు," అని రెండో దొంతి మీద పడేశాడు. మొదటి రకం పలకలు ఓడలెక్కి దేశాలు పోయాయి. నేను బస్సు టాపు ఎక్కి సంతకు పోయాను. బాలకోటయ్య మీద నాకు కోపం లేదు గాని, ఆ మాట మటుకు మరిచిపోలేదు.

నన్ను మొదట కొన్నది చెంచమ్మ అనే ఆరేళ్ల పిల్ల. దొండాకూ బొగ్గూ కలిపి రుద్ది నా నలుపు పెంచింది. ఎండకు గొడుగు చేసుకుంది, ఉక్కకు విసనకర్ర చేసుకుంది, మేనబావ నెత్తి మీద ఒకసారి ఆయుధం చేసుకుంది. మధ్యలో తీరిక దొరికితే అఆలు దిద్దింది. మూడో తరగతికి వచ్చేసరికి నోటు పుస్తకాలు తెమ్మన్నారు, నన్ను వాళ్ల చిన్నాన్న హోటలుకు ఇచ్చేశారు. అక్కడ నా మీద 'వేడి వేడి ఇడ్లీ' అని రాసి గుమ్మానికి తగిలించారు. ఇడ్లీ పొద్దున ఎనిమిదికే చల్లారేది. నేను రాత్రి దాకా వేడి వేడి అనే చెప్పేదాన్ని. ఆ తర్వాత చౌక దుకాణం. 'ఈరోజు కిరసనాయిలు లేదు' అని రాశారు. ఆ 'ఈరోజు' నాలుగు నెలలు నడిచింది. జనం నన్ను చూసి తిట్టేవాళ్లు. రాసినవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. మనుషులకు ఎదురుగా కనిపించే దాన్ని తిట్టడం సులువు.

చట్రం ఒక మూల విరిగాక గోతాల వెనక పడ్డాను. ఎన్నేళ్లో తెలియదు. ఒకరోజు పాత సామాన్లవాడి బండి ఎక్కాను. విరిగిన కుర్చీ కాళ్ల మధ్య, బొక్కలు పడిన బిందెల మధ్య ఊరూరా తిరుగుతుంటే ఒక చెయ్యి నన్ను బయటికి లాగింది. కుడి బొటనవేలికి గోరు లేదు.

హుసేనయ్య నన్ను గుర్తుపట్టాడని చెప్పుకోవాలని నాకు ఉంది. కానీ అబద్ధం ఎందుకు? లక్షల పలకలు చీల్చినవాడికి ఏ ఒక్కటి గుర్తుంటుంది? తమ కొండ రాయి అని మటుకు పోల్చుకున్నాడు. ఇంట్లోంచి తుప్పు పట్టిన పెనం తెచ్చి ఆ బండివాడికిచ్చి, నన్ను చంకన పెట్టుకున్నాడు. నేను మాత్రం అతణ్ణి గుర్తుపట్టాను.

అప్పటికే గనులు చాలావరకు మూతపడ్డాయి. హుసేనయ్యకు అరవై ఆరేళ్లు. భార్య సైదమ్మ పోయి రెండేళ్లు. కొడుకు బోరు లారీ మీద నెలల తరబడి ఊళ్లు పట్టి తిరుగుతాడు. ఇంట్లో కోడలు ఖాసింబీ, నాలుగు మేకలు, హుసేనయ్య. మాటలన్నీ ఖాసింబీవే. ఆమె మేకలతోనూ మాట్లాడుతుంది, పొయ్యితోనూ మాట్లాడుతుంది. మామ దగ్గర్నుంచి మాత్రం ఊఁ అనో ఉఁహూఁ అనో వస్తుంది.

"ఏంది మామా ఇది, పెనమిచ్చి పలక తెస్తివా? ఈ వయసులో బడికి పోతావా ఏంది?" అంది ఆమె నన్ను చూసి.

హుసేనయ్య నన్ను కడిగి ఎండలో పెట్టాడు. అదే జవాబు.

ఖాసింబీ ఇంటర్ దాకా చదివింది. ఆమెకు బడిలో తెలుగు చెప్పిన శ్యామలాంబ టీచరు రిటైరై కావలిలో ఉంటుంది. ఆ టీచరు వాట్సాప్‌లో 'నెలపొడుపు' అని ఒక గుంపు పెట్టింది. నెల రోజుల కవితల పోటీ. పొద్దున ఆరు గంటలకు టీచరు ఒక మాట ఇస్తుంది. సాయంత్రం ఆరు లోపల ఆ మాట మీద నాలుగు వరసల కవిత రాసి పెట్టాలి. సొంతంగా రాయాలి. ఒక్క రోజు తప్పినా చివర ముప్పై రోజుల పట్టీలో పేరు రాదు. బహుమతి ఏమీ లేదు. బహుమతి ఉంటే మనుషులు కొంచెమైనా సర్దుకుంటారు. లేదనేసరికి అరవై రెండు మంది పంతం పట్టారు.

మొదటి రోజు మాట 'దుమ్ము'. ఖాసింబీ మిరప కోతకు పోయే హడావుడిలో ఉంది. "నాకు రావడంలా. దుమ్ము మీద నువ్వేమన్నా చెప్పు మామా. ముప్పై ఏళ్లు తిన్నావు గదా," అని నవ్వి, సద్ది గిన్నె తీసుకుని, సెల్లు రవికలో దోపుకుని ఆటో ఎక్కిపోయింది.

హుసేనయ్య మేకలకు తుమ్మకొమ్మలు వేశాడు. చెయ్యి కడుక్కున్నాడు. సామాను గూట్లో వెతికి అర వేలంత బలపం ముక్క పట్టుకుని నా ముందు కూర్చున్నాడు. అతనికి కాగితం పడదు. ఉలి పట్టిన చెయ్యి పెన్ను పడితే కాగితం చిరుగుతుంది. రాసింది నచ్చకపోతే కొట్టేసిన గీత కళ్ల ముందే ఉండిపోతుంది. నాతో ఆ బాధ లేదు. రాశాడు, తుడిచాడు. రాశాడు, తుడిచాడు. మధ్యాహ్నం దాటాక తుడవడం మానేశాడు. సాయంత్రం ఖాసింబీ కోత నుంచి వచ్చి, వాకిట్లో నిలబడే పైకి చదివింది:

ఇంట్లో దుమ్ము చీపురుకు లొంగుతుంది
ఒంట్లో దుమ్ము దేనికీ లొంగదు
సాయంత్రం మా ఆవిడ నా చొక్కా దులిపితే
రోజుకో పిడికెడు కొండ రాలేది

చదివి ఊరుకుంది. ఊరుకోవడం ఖాసింబీకి అలవాటు లేని పని. తర్వాత గుంపులో తన పేరు తీయించి మామ పేరు పెట్టించింది.

ఒక సంగతి చెప్పాలి. నాకు చేతులు గుర్తుంటాయి, అక్షరాలు గుర్తుండవు. తుడిచింది తుడిచినట్టు మరిచిపోవడమే పలక పని. ఆ ఇడ్లీ రాతైనా ఈ కవితలైనా నాకు తెలుసునంటే, ఎవరో ఒకరు పైకి చదివినప్పుడు విన్నవే.

మొదటి అయిదు రోజులూ నా మీద ఉన్నది చూసి ఆమె సెల్లులో కొట్టి పంపింది. ఆరో రోజు గుంపులో కోదండం గారు మాట్లాడారు. కందుకూరు ఆయన. పోస్టాఫీసులో పని చేసి రిటైరయ్యారు. ఎవరి కవితలో ఏ తప్పున్నా తపాలా ముద్ర వేసినట్టు ఠపీమని వేసేవారు. ఆయన రాసింది ఖాసింబీ చదివింది: "అమ్మా ఖాసింబీ, మీ మామగారు అయిదో తరగతితో ఆగిపోయారన్నావు. ఈ కవితలు నువ్వు రాసి ఆయన పేరు పెడుతున్నావేమోనని నా అనుమానం. నేరం కాదులే. కానీ పేరు నీదే పెట్టుకో."

ఖాసింబీకి ఒళ్లు మండింది. "చూడు మామా ఏమంటున్నాడో! ఇప్పుడే ఫోన్ చేసి అడుగుతా!" అంది. హుసేనయ్య నన్ను ఆమె చేతికిచ్చాడు. ఆమెకు వెలిగింది. ఆ రోజు కవిత టైపు కొట్టలేదు. నన్ను వాకిట్లో గోడకు నిలబెట్టి ఫొటో తీసి పంపింది.

అట్లా నేను లోకంలోకి వెళ్లాను. విరిగిన చట్రం, మూల చార, బలపం రాత, అన్నీ కలిపి. అరవై రెండు మంది అరవై రెండు చోట్ల 'అబ్బ, పలక!' అన్నారట. చిన్నప్పుడు ఉమ్ముతో తుడిచి తిట్లు తిన్న సంగతులు పేజీలకు పేజీలు రాసుకున్నారట. ఆ సాయంత్రం కవిత గురించి ఎవరూ మాట్లాడలేదు, నా గురించే మాట్లాడారు. హుసేనయ్య ఏమనుకున్నాడో తెలియదు. నాకు మాత్రం తప్పుగా తోచలేదు.

కోదండం గారు ఒక్కరే, "సరే, రాత ఆయనదే. చెప్పి రాయించింది ఎవరో?" అని ఊరుకున్నారు.

రోజులు నడిచాయి. ఉదయం మాట వస్తుంది. ఖాసింబీ అది చదివి చెప్పి కోతకు పోతుంది. ఆమెతో పాటే సెల్లూ పోతుంది. హుసేనయ్య మధ్యాహ్నం దాకా రాసి, నన్ను వసారాలో గోడకు ఆనించి, మేకల్ని తోలుకుని పోతాడు. ఆమె అయిదింటికో అయిదున్నరకో తిరిగొచ్చి ఫొటో తీసేదాకా ఆ నాలుగు వరసల్నీ నేను కాపలా కాయాలి. మేక నాలుక నుంచి, కోడి రెక్క నుంచి, గాలికి ఎగిరే తువాలు నుంచి. చౌక దుకాణంలో నాలుగు నెలలు ఒకే అబద్ధాన్ని మోసిన నాకు, ఒక పూట నాలుగు నిజాలు మోయడం బరువనిపించలేదు.

పన్నెండో రోజు మాట 'నీడ'.

కొండ ఉన్నన్నాళ్లూ మా గుడిసెకు పొద్దెక్కేదాకా నీడే
కొండను పలకలు చేసి ఊరూరా పంచాం
ఇప్పుడు తెల్లారగానే ఎండ మంచమెక్కుతుంది
ఆ నీడ ఏ ఊరి బడిలో ఉందో

దుబాయి నర్సు మెట్ల మీద కూర్చున్నది దీనికే. ఆ రోజు ఖాసింబీ మామను అడిగింది. "నీకు వాళ్లంతా పొగుడుతున్నారని సంబరమా మామా? రోజూ అన్నం కూడా మానేసి కూర్చుంటివి."

హుసేనయ్య మేకకు తాడు కడుతున్నాడు. ముడి వేయడం అయ్యాక చెప్పాడు. "మా నాయన వారానికి రెండు దినాలు గనికి లాక్కపోయేవాడు. ఒక నెల నాగా లేకుండా బడికి పోయింది ల్యా. అయిదులో ఉండంగా సారు నా పేరు కొట్టేసినాడు." తాడు లాగి చూసుకున్నాడు. "ఒక నెల నిండుగా పోదామని."

నాకు తెలిసినంతలో అది ఆయన మాట్లాడిన మాటల్లో అన్నిటికన్నా పొడుగైనది. ఆ రోజు నుంచి ఖాసింబీ పొద్దున్నే మాట చదివేటప్పుడు గొంతు సవరించుకుని, టీచరమ్మలా నిలబడి చదివేది.

ఇరవై ఎనిమిది రోజులు అయ్యాయి. అరవై రెండు మందిలో పందొమ్మిది మంది మిగిలారు. పెళ్లిళ్లకు పోయి కొందరు, జ్వరాలతో కొందరు, మరిచిపోయి కొందరు జారిపోయారు. ఇరవై తొమ్మిదో రోజు మాట 'మౌనం'.

"ఇది నీకోసమే ఇచ్చినట్టుంది మామా," అని నవ్వుకుంటూ పోయింది ఖాసింబీ.

ఆ రోజు హుసేనయ్య ఎక్కువసార్లు తుడవలేదు. పదకొండింటికే రాయడం అయిపోయింది. రాసింది చూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. కళ్లు ఒత్తుకున్నాడు. నన్ను గోడకు ఆనించి మేకల్ని తోలుకుని పోయాడు. ఆ నాలుగు వరసలు ఏమిటని నన్ను అడగకండి. ఎవరూ పైకి చదవలేదు. బలపం నా మీద ఎప్పటికన్నా నెమ్మదిగా నడిచిందని మాత్రం చెప్పగలను.

నాలుగున్నరకు మేకలు తిరిగొచ్చాయి. వాటి వెనక హుసేనయ్య వస్తున్నాడు. అంతకు ముందే వసారాలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. బాలకోటయ్య. కార్ఖానా మూతపడ్డాక కూతురి ఊరికి పోయి, ఏడాదికి ఒకసారి పాత స్నేహితుల్ని చూడడానికి వస్తాడు. చెయ్యి వణుకుతోంది గాని మనిషి అదే. కూర్చున్నాడు, అటూ ఇటూ చూశాడు, నన్ను చూశాడు.

"ఓహో, మన సరుకే!" అన్నాడు.

నన్ను ఒళ్లోకి తీసుకున్నాడు. ఎండకు ఎత్తాడు. పక్కన చెంబులో నీళ్లున్నాయి. అరచెయ్యి ముంచాడు. నేను రాతిదాన్ని, అరవలేను. ఒక్క రుద్దు. ఈ మూల నుంచి ఆ మూల దాకా.

తర్వాత ఠంగుమని కొట్టాడు.

హుసేనయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో కర్ర జారి కింద పడింది. బాలకోటయ్య తలెత్తి పళ్లన్నీ కనపడేలా నవ్వాడు.

"రా రా హుసేనూ! మంచి రాయిరా ఇది. చారుంటే ఉన్నీలే, పగుల్లేదు. ఫస్టే ఇది, ఫస్టు! దీన్ని ఓడెక్కనియ్యకుండా సెకండులో వేసిన గుడ్డోడెవుడో!"

నలభై రెండేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. వచ్చింది. ఎట్లాంటప్పుడు వచ్చిందో చూడండి.

"దాని మీద రాసుండా," అన్నాడు హుసేనయ్య.

"ఏందో పిల్లల గీతలున్నట్టుండాయి. తడికి పొయినయి. ఏం?"

బాలకోటయ్యకు చదువు రాదు. తన చేతుల మీదుగా పోయిన పలకల మీద లక్షల మంది చదువుకున్నారు. ఆయన వేలిముద్ర దగ్గరే ఆగిపోయాడు. కోపగించుకోవాలంటే హుసేనయ్యకు ఎవరి మీదనో తెలియలేదు. నన్ను తీసుకుని, తడి ఆరేదాకా పట్టుకుని కూర్చున్నాడు. బలపం పెట్టాడు. ఒక మాట రాశాడు, తుడిచాడు. పొద్దున్నటిది రావడం లేదు. అది నా దగ్గరా లేదు, ఆయన దగ్గరా లేదు.

విషయం తెలిశాక బాలకోటయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో, నా చెయ్యి ఇరగ! ఇప్పుడెట్టరా? మళ్లీ రాయి. నీ మాటలే గదా, యాడికి పోతయి?"

అయిదు గంటల పది నిమిషాలకు ఖాసింబీ ఆటో దిగింది. సంగతి విని గడపలోనే కూలబడింది. ఒకసారి బాలకోటయ్యను చూసింది, ఒకసారి సెల్లులో గడియారం చూసింది. కోత గుడ్డలు కూడా మార్చుకోకుండా మామ పక్కన కూర్చుంది.

అయిదున్నర దాటింది. మూడు వరసలు వచ్చాయి. పొద్దున్నటివి కావు, వేరేవి. నాలుగో వరస రాలేదు. హుసేనయ్య రాస్తాడు, తుడుస్తాడు. చెమట నా చట్రం మీద పడుతోంది. బాలకోటయ్య ఎంతసేపని ఊరుకుంటాడు?

"ఏందిరా ఇది? తిట్టనన్నా తిట్టు. నలభై ఏళ్ల నుంచీ చూస్తన్నా, ఎంత కొట్టినా నోరిప్పవు. సైదమ్మ గూడా నాతో అనేది, ఈయన లోపల ఏముందో తెలవడంలా అన్నా అని. నేనేమన్నానో తెల్సా? పగులున్న రాయి మోగదమ్మా, అన్న్యా."

బలపం ఆగింది. హుసేనయ్య తల తిప్పి బాలకోటయ్య వైపు చూశాడు. ఎంత సేపు చూశాడంటే, "ఏందట్ట చూస్తావు, నేనేమన్నా కాని మాటన్న్యానా?" అని ఆయన బెదిరాడు.

హుసేనయ్య వంగి నాలుగో వరస రాశాడు. ఖాసింబీ చదివింది:

ముప్పై ఏళ్లు కొండతో మాట్లాడి మాట్లాడి
ఇంటికొచ్చి మాటలు దాచుకున్నాను
నీ లోపల ఏముందని మా ఆవిడ అడిగేది
పగులున్న రాయి మోగదు

చదివి కొంగుతో మొహం తుడుచుకుంది. "అయిదు యాభై అయింది మామా, పట్టుకో, ఫొటో తీస్తా," అంది.

హుసేనయ్య ఆగమని చెయ్యి చూపాడు. కింద మిగిలిన కొంచెం జాగాలో చిన్న అక్షరాలతో రాశాడు: 'నాలుగో వరస నాది కాదు. మా బాలకోటయ్యది.'

"అయ్యో మామా! సొంతంగా రాయాలని గదా! ఇది చూస్తే కోదండం గారు ఊరుకుంటాడా? ఇరవై ఎనిమిది రోజులు నీళ్లపాలు. ఆ కింద ముక్క తుడిచెయ్, నీ కాళ్లు పట్టుకుంటా."

"నాదేందబ్బా, నేనేదో వాగినా. నువ్వే పెట్టుకో, నేను కోర్టుకు పోనులే," అన్నాడు బాలకోటయ్య.

"దొంతి నాది కాదు," అన్నాడు హుసేనయ్య.

ఆ మాట అర్థం కావాలంటే కార్ఖానా తెలియాలి. చీల్చిన పలకలు ఎవరివి వాళ్లు దొంతిగా పేర్చి, పైన సుద్దతో తమ గుర్తు పెట్టుకునేవాళ్లు. తాగి వచ్చినా ఓర్చుకునేవాళ్లు, కొట్టుకున్నా సర్ది చెప్పేవాళ్లు. ఒకడి దొంతి మీద ఇంకొకడు గుర్తు పెడితే మాత్రం అతని పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. బాలకోటయ్యకు అది తెలుసు.

ఖాసింబీ ఫొటో తీసింది. ఆరుకు నాలుగు నిమిషాలుండగా పంపింది.

గుంపులో ఎవరూ ఏమీ రాయలేదు. ఆరు దాటింది. హుసేనయ్య మేకలకు నీళ్లు పెట్టడానికి లేచాడు, కుండ ముంచకుండానే మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"కోదండం గారు ఏదో రాస్తున్నాడు," అంది ఖాసింబీ. కాసేపటికి, "ఇంకా రాస్తానే ఉండాడు," అంది. వచ్చాక, మొదట తనలో తను చదువుకోబోయి, ఆగి, పైకే చదివింది.

"శ్యామలాంబ గారికి. నియమం నియమమే. ఈ కవితలో ఒక వరస హుసేనయ్య గారి సొంతం కాదు. ఆయనే రాశారు. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలిసేది కాదు, అయినా రాశారు. నేను ముప్పై ఆరేళ్లు ఉత్తరాల మీద ముద్రలు వేశాను. ఇంత స్పష్టమైన ముద్ర ఎప్పుడూ చూడలేదు. అరువు తెచ్చుకున్న ఒక్క వరసకు పేరు చెప్పే మనిషి, మిగతా నూట పదిహేను వరసలు ఎవరి దగ్గర తెచ్చుకుంటాడు? అవి ఆయనవే. ఇన్నాళ్లూ అనుమానించినందుకు నేను సిగ్గుపడుతున్నాను. ఈ కవితను ఇద్దరి పేర్లతో తీసుకోవాలని నా మనవి. సొంతంగా అంటే ఒక్కరే రాయాలని నియమంలో లేదు. ఎవరిది వాళ్లదని చెప్పాలని మాత్రమే నేను అర్థం చేసుకుంటున్నాను."

దాని కింద శ్యామలాంబ టీచరు ఒక్క ముక్క రాసింది: "అంగీకరించాను. రేపు ఆరింటికి మాట ఇస్తాను. హుసేనయ్య గారూ, నాగా పెట్టకండి."

మామకు బడిలో నిండని నెల సంగతి ఖాసింబీ టీచరుకు ఎప్పుడో చెప్పినట్టుంది. హుసేనయ్య లేచి పోయి మేకలకు నీళ్లు పెట్టాడు. రెండు కుండలు చాలు. ఆ రోజు అయిదు కుండలు పోశాడు.

ముప్పయ్యో రోజు మాట 'సెలవు'. ఆ నాలుగు వరసల్నీ ఖాసింబీ మూడింటికే ఫొటో తీసింది. ఆ పూట ఆమె కోతకు పోలేదు. బాలకోటయ్య ఊరికి పోవలసినవాడు పోలేదు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నాకు రెండు గజాల దూరంలో కూర్చున్నాడు.

ఆరు దాటిన పది నిమిషాలకు పట్టీ వచ్చింది. నిండా ముప్పై రోజులూ రాసినవాళ్లు పదిహేడు మంది. ఖాసింబీ లేచి నిలబడింది. గొంతు సవరించుకుంది. ఒక్కో పేరూ చదివి, బడిలో హాజరు పిలిచినట్టు ఆగి, మళ్లీ ఇంకొకటి చదివింది. కోదండం గారి పేరు ఉంది. దుబాయి నర్సు పేరు ఉంది. పదకొండోది చదివింది.

"నూర్‌బాషా హుసేనయ్య."

హుసేనయ్య కూర్చున్నవాడల్లా లేచాడు. పంచె సర్దుకున్నాడు. చేతులు పక్కలకు చేర్చి నిటారుగా నిలబడ్డాడు.

"హాజరు సార్," అన్నాడు.

ఖాసింబీ మిగిలిన ఆరూ ఎట్లాగో చదివింది. పట్టీ చివర విడిగా ఇంకో పేరు ఉంది. 'బాలకోటయ్య, ఒక వరస.' అది రెండుసార్లు చదివి వినిపించింది.

"నా పేరే? బళ్లోనే నేను అడుగు పెట్టల్యా గదమ్మా. ఇప్పుడు నేనేమనాల?" అన్నాడు బాలకోటయ్య.

"నువ్వూ అదే అను," అన్నాడు హుసేనయ్య.

బాలకోటయ్య గోడ పట్టుకుని లేచి, మేకలు బెదిరి తాళ్లు గుంజుకునేంత గట్టిగా అన్నాడు.

నేను గోడకు ఆనుకుని ఉన్నాను. నన్ను ఎవరూ పిలవలేదు. అయినా వాళ్లతో పాటు నేనూ అన్నాను.